సైకిలు తొక్కితే మోకాలు ఎందుకు నొస్తది?

హైదరాబాదులో పుప్పాలగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. పైన సోలారు పలకల కప్పు, ఎండ తగలదు. కానీ ఎంత మంచి బాటైనా సీటు సరిగా లేకుంటే దూరం పోయేసరికి మోకాలు నొస్తది.

సీటు మరీ కిందికుంటే మోకాలు ఎక్కువ వంగుతుంది, చిప్ప దగ్గర నొస్తది. మరీ ఎత్తుంటే కాలు సాగి వెనుక నొస్తది.

సీటు మీద కూర్చొని, కిందికున్న పెడలు మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా రావాలి. రాకుంటే పానాతో నట్టు వదులు చేసి సీటు సరిచేయాలి. నేను మా ఇంటి సైకిలుకు ఇట్లనే కొలిచాను.

మొదట మెల్లగా తొక్కాలి. ఎత్తు వస్తే దిగి నడవాలి. మోకాలు వాస్తే ఆపి డాక్టరుకు చూపించాలి.

"ఆడపిల్లల కాళ్లు సైకిలుకు ఆగవు" అని కొందరంటారు. ముందు సీటు కొలిచి చూడమని వాళ్లకు చెప్పండి.