వంటకాలలో కృత్రిమ రంగులు – హితమా? అహితమా?

పదార్థం కంటికి ఇంపుగా ఉంటేనే నోటికి రుచిస్తుందన్న భావన సహజమైనదే. పసుపు, కుంకుమపువ్వులతో వంటకాలకు వన్నె తెచ్చే ఆచారం మన ఇళ్లలో అనాదిగా ఉన్నది. అయితే నేడు మిఠాయి దుకాణాలలో కళ్లు మిరుమిట్లు గొలిపే ఎరుపు, ఆకుపచ్చ, నారింజ రంగులు చాలావరకు రసాయన వర్ణకాలే. 1856లో ఇంగ్లండుకు చెందిన విలియం హెన్రీ పెర్కిన్ తారు సంబంధిత పదార్థం నుండి ఊదారంగును తయారుచేశాడు. బట్టల అద్దకం కోసం మొదలైన ఈ విద్యయే క్రమంగా వంటశాలలోనికి ప్రవేశించింది. ఈ రంగులలో పోషక గుణం ఏమాత్రమూ లేదు. చౌకగా లభించడం, వేడికి వెలిసిపోకపోవడం వల్లనే వీటికి ఇంత ఆదరణ.

అనుమతి ఉన్న రంగులు

మన దేశంలో ఆహారంలో వాడుటకు 8 కృత్రిమ రంగులకు మాత్రమే అనుమతి ఉన్నది. పొట్లాలపై ఇవి సాధారణంగా సంఖ్యల రూపంలో కనిపిస్తాయి: టార్ట్రజీన్ (102), సన్‌సెట్ ఎల్లో (110), కార్మాయిసిన్ (122), పోన్సో 4ఆర్ (124), ఎరిత్రోసిన్ (127), ఇండిగో కార్మైన్ (132), బ్రిలియంట్ బ్లూ (133), ఫాస్ట్ గ్రీన్ (143). ఐస్‌క్రీములు, మిఠాయిలు, బిస్కట్లు మొదలైన కొన్నింటిలోనే, సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు మించకుండా వీటిని వాడాలి. పప్పులు, పసుపు, కారం వంటి వాటిలో ఇవి ఉండరాదు.

అనుమతి ఉన్నంత మాత్రాన ఎంతైనా తినవచ్చునని అర్థం కాదు. ఎరిత్రోసిన్‌నే తీసుకుందాం. శరీర బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము దీని పరిమితి. అంటే 20 కిలోల బరువున్న బిడ్డకు 2 మిల్లీగ్రాములు. కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఈ రంగు కలిసిన మిఠాయి 20 గ్రాములు తింటే ఆ పరిమితి పూర్తి అయినట్లే! ఒకనాడు కొంచెం మించినంత మాత్రాన భయపడనక్కరలేదు. నిత్యం తినే అలవాటే ఆలోచించవలసినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2004లో వెలువరించిన అధ్యయనంలో కొందరు ఇటువంటి రంగులను పరిమితికి మించి తీసుకుంటున్నట్లు తేలింది. ఇక అమెరికా ప్రభుత్వం 2025 జనవరిలో ఎరిత్రోసిన్‌కు ఆహారంలో అనుమతినే రద్దు చేసింది.

పసిపిల్లలపై ప్రభావం

2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారి పరిశోధనలో, కొన్ని రంగులు, సోడియం బెంజోయేట్ కలిసిన పానీయాలు తాగిన పిల్లలలో కొందరికి చంచలత్వం పెరిగినట్లు గమనించారు. ఈ ప్రభావం స్వల్పమే. అందరిలోనూ ఒకే విధంగా కనిపించలేదు. అయినప్పటికీ 2010 నుండి ఐరోపా దేశాలలో 6 రంగులు వాడిన పదార్థాలపై హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి అయింది. వాటిలో నాలుగు – 102, 110, 122, 124 – మన దేశంలోనూ వాడుకలో ఉన్నవే. టార్ట్రజీన్ వల్ల కొద్దిమందికి దద్దుర్లు కూడా రావచ్చు.

నిషిద్ధమైన రంగులు

అసలు ప్రమాదం వీటితోనే. మెటానిల్ ఎల్లో, రోడమిన్ బి, మాలకైట్ గ్రీన్, ఆరమిన్ అనేవి బట్టలకు, కాగితాలకు, తోళ్లకు వేసే రంగులు. ఇవి ఆహారంలో రవ్వంత కూడా ఉండరాదు. పీచుమిఠాయిలో రోడమిన్ బి బయటపడినందువల్లనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం దాని విక్రయాన్ని నిషేధించింది. మరుసటి నెలలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియా, పీచుమిఠాయిలలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిలిపివేసింది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్షలు

* గాజుగ్లాసెడు నీటిలో చెంచాడు పసుపు వేసి కదపక ఉంచండి. మంచి పసుపు అడుగుకు దిగి, నీరు లేత పసుపుగా ఉంటుంది. నీరు చిక్కని పసుపురంగుకు మారితే కల్తీని అనుమానించాలి.
* పచ్చి బఠాణీలను అరగంట నీటిలో నానబెట్టండి. నీటిలోకి ఆకుపచ్చ రంగు దిగితే వాటిని వాడకండి.
* చిలగడదుంప తొక్కను నూనెలో ముంచిన దూదితో రుద్దండి. దూదికి ఎర్రరంగు అంటితే అది కృత్రిమమే.

ఇవి అనుమానాన్ని మాత్రమే తెలుపుతాయి. నిర్ధారణ ప్రయోగశాలలోనే జరగాలి.

ప్రకృతి ప్రసాదించిన వన్నెలు

ఎరుపు రంగుకు బీట్‌రూట్ రసం చక్కగా పనికివస్తుంది. ఎక్కువసేపు మరిగితే వెలిసిపోతుంది కనుక వంటకం దించబోయే ముందు కలపాలి. ఆకుపచ్చకు పాలకూర ముద్ద వాడవచ్చు. పులుపు తగలకుండా, మూత పెట్టకుండా ఉడికిస్తే రంగు నిలుస్తుంది. పసుపు కలిపిన పిండిలో వంటసోడా వేస్తే ఎరుపెక్కుతుందని గుర్తుంచుకోవాలి. జాఫరా గింజలను నేతిలో సన్నని సెగపై వేడిచేసి వడకడితే నారింజ రంగు లభిస్తుంది. కుంకుమపువ్వును గోరువెచ్చని పాలలో నానబెట్టి వాడాలి.

ఆహారాన్ని హితం, అహితం అని విచారించి తినమన్నది ఆయుర్వేదం. రంగు చూసి కాక, పొట్లంపై ఉన్న సంఖ్యలు చూసి కొనడం నేటి గృహిణులు, గృహస్థులు అలవరచుకోవలసిన విచక్షణ. పుట్టినరోజు మిఠాయిలను ఇంట్లోనే చేసి పెట్టండి. వాటి రంగు కాస్త వెలిసినట్లున్నా, పిల్లల ఆరోగ్యానికి లోటు రాదు.