పాత జీపుకు ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్: అపోహలు – వాస్తవాలు

ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోపు గేర్‌బాక్స్ వెనక షాఫ్టు ఒక చుట్టు కంటే ఎక్కువ తిరిగితే ఆ గేరును ఓవర్‌డ్రైవ్ అంటారు. విల్లీస్ వంశపు పాత జీపుల్లో ఈ గేరు లేదు. మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాలపాటు ఊళ్లలో తిరిగిన సీజే–3బీ బండిలో టీ–90 అనే మూడు గేర్ల గేర్‌బాక్స్ ఉండేది. దాని మూడో గేరు డైరెక్ట్, అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే తిరుగుతుంది. దాని వెనక, బలాన్ని ముందు, వెనక షాఫ్టులకు పంచే డానా–18 ట్రాన్స్‌ఫర్ కేసు (హై, లో అనే రెండు అంచెలు), ముందూ వెనకా 5.38 నిష్పత్తి ఉన్న క్రౌన్ పినియన్లు ఉంటాయి. చేలల్లో, గుట్టల్లో నిదానంగా లాగడానికి కుదిర్చిన లెక్క ఇది.

కడప జిల్లాలో ఇలాంటి బండ్లకు ఇప్పుడు రెండు రకాల పనులున్నాయి. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి శనగ చేలల్లో, గండికోట వైపు ఎర్రమల గుట్టల్లో, పులివెందుల చీనీ, అరటి తోటల్లో తిరగడం ఒకటి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు, అక్కడినుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు తారురోడ్డు మీద పరుగెత్తడం రెండోది. ఈ రెండో పనికే పాత గేర్‌బాక్స్ తీసేసి ఓవర్‌డ్రైవ్ ఉన్నది, వీలైతే ఆటోమేటిక్, పెట్టించాలనే కోరిక పుడుతోంది. దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు.

అపోహ: ఓవర్‌డ్రైవ్ పెడితే బండి లాగుడు పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది. డైరెక్ట్ గేరులో ఇంజన్ తిప్పుడు బలం క్రౌన్ పినియన్ దగ్గర 5.38 రెట్లై చక్రానికి చేరుతుంది. 0.70 నిష్పత్తి ఉన్న ఓవర్‌డ్రైవ్ గేరు వేస్తే అది 3.77 రెట్లకు పడిపోతుంది. అంటే నూటికి ముప్పై వంతులు పోయినట్టే. ఏ గేర్‌బాక్సూ శక్తిని పుట్టించదు. ఉన్న శక్తిని వేగంగానో బలంగానో మార్చి ఇస్తుంది, అంతే. ఎత్తు ఎక్కేటప్పుడు, వెనక ట్రైలర్ తగిలించినప్పుడు ఓవర్‌డ్రైవ్ వాడకూడదు. అప్పుడు కింది గేరే బండికి బలం.

అపోహ: ఓవర్‌డ్రైవ్ పెట్టిన మర్నాటి నుంచే మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: నడిపే తీరును బట్టి ఉంటుంది. 6.00–16 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 606 చుట్లు తిరుగుతుంది. డైరెక్ట్ గేరులో అప్పుడు ఇంజన్ 3,260 చుట్లు తిరగాలి. 0.70 ఓవర్‌డ్రైవ్‌లో 2,280 చాలు. ఇంజన్ లోపలి రాపిడి, మోత, అరుగుదల అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. ఈ లాభం నిజమే.

అయితే గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంలో ఈ గేరు వేస్తే ఇంజన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, డీజిల్ ఆదా కాదు. ఇంకో చిక్కు గాలి. జీపు అద్దం నిటారుగా గోడలా నిలబడి ఉంటుంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది కాబట్టి, 60లో కావలసిన దానికి 80లో దాదాపు 2.4 రెట్లు కావాలి. ఇంజన్ హాయిగా ఉందని 60లో పోయే మనిషి 80లో పోవడం మొదలుపెడితే మిగిలిందంతా గాలికే పోతుంది.

అపోహ: ఓవర్‌డ్రైవ్ ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసులో లోగేరు అక్కర్లేదు.

వాస్తవం: రెండూ రెండు వైపుల పనులు. ఓవర్‌డ్రైవ్ తారురోడ్డుకు, లోగేరు గుట్టకు. పాత జీపులో మొదటి గేరు 2.80, డానా–18 లోగేరు 2.46, క్రౌన్ పినియన్ 5.38. ఈ మూడూ గుణిస్తే సుమారు 37. రాళ్ల దారిలో బండి మనిషి నడకకంటే నిదానంగా, బ్రేకు తొక్కకుండా దిగగలగడం ఈ 37 వల్లనే. గేర్‌బాక్స్ మార్చేటప్పుడు పై గేరు ఎంతన్నదే చూసి మొదటి గేరు సంగతి మరిస్తే, తోటలో పనికొచ్చే బండి పనికిరాకుండా పోతుంది.

అపోహ: ప్లేటు ఒకటి లేత్‌లో తిప్పించుకుంటే ఏ గేర్‌బాక్సైనా ఏ జీపుకైనా కూర్చుంటుంది.

వాస్తవం: బోల్టులు కలిసినంత మాత్రాన పని అయిపోదు. అమెరికాలో పాత ఫోర్ వీల్ బండ్లకు విరివిగా వాడే ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్‌లలో జనరల్ మోటార్స్ 700–ఆర్4 ఒకటి. 1982 మోడల్ బండ్లతో వచ్చిన ఈ పెట్టెకు మొదటి గేరు 3.06, నాలుగో గేరు 0.70. లెక్క చూస్తే జీపుకు బాగా నప్పేలా ఉంటుంది. కానీ దాని కేసు పొడవే దాదాపు 23 అంగుళాలు, టీ–90 దాని పక్కన చాలా కురచ. సీజే–3బీలో ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఉన్న దూరం మొత్తం 80 అంగుళాలే. పొడవు గేర్‌బాక్స్ పెడితే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది. అసలే కురచైన వెనక షాఫ్టు ఇంకా కురచవుతుంది, కిందికి వాలు పెరుగుతుంది. ఆ వాలులో షాఫ్టు క్రాస్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూ తిరుగుతుంది. బండి అడుగున సన్నటి వణుకు మొదలై, క్రాస్ బేరింగుల్లో సూదులు అరిగి, చివరకు క్రాస్ విరుగుతుంది.

మరో సంగతి: విల్లీస్ జీపుల్లో ముందు, వెనక క్రౌన్ హౌసింగులు రెండూ నడిమధ్యలో కాక కుడివైపు జరిగి ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు కూడా కుడివైపే. నడుమనుంచి షాఫ్టు వచ్చే వేరే బండి ట్రాన్స్‌ఫర్ కేసు తెచ్చి పెడితే షాఫ్టు అడ్డంగా వంకర పోతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్కులు డానా–18ను అలాగే ఉంచి, ముందున్న గేర్‌బాక్స్ ఒక్కటే మారుస్తారు.

పొడవు సమస్యే లేని దారి ఒకటుంది. డానా–18 వెనక మూత ఊడదీసి అక్కడ బిగించే చిన్న ఓవర్‌డ్రైవ్ యూనిట్లు అమెరికాలో వార్న్, సాటర్న్ పేర్లతో వచ్చాయి. ఇవి ఇంజన్ చుట్లను నూటికి 25 వంతులు తగ్గిస్తాయి. 80 కిలోమీటర్ల వేగంలో 3,260 కాస్తా 2,445 అవుతుంది. గేర్‌బాక్స్‌ను కదపనక్కర్లేదు.

అపోహ: కొత్త థార్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ స్క్రాపులో దొరికితే పాత జీపుకు పెట్టేయొచ్చు.

వాస్తవం: 2020 థార్‌లో ఉన్నది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. గేరు ఎప్పుడు మారాలో దానిలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, బండి వేగమెంత అన్న సమాచారం సెన్సర్ల ద్వారా దానికి అందాలి. మెకానికల్ పంపు డీజిల్ ఇంజన్ ఉన్న పాత జీపులో ఆ సెన్సర్లు ఉండవు. కంప్యూటర్ లేని ఆ గేర్‌బాక్స్ ఉత్త ఇనుప ముద్ద.

కంప్యూటర్ అక్కర్లేని పాత ఆటోమేటిక్‌లకూ వాటి చిక్కులు వాటికున్నాయి. కొన్ని రకాలు ఇంజన్ మీద ఎంత బరువు పడుతోందో వాక్యూమ్‌ను బట్టి తెలుసుకుంటాయి. డీజిల్ ఇంజన్‌కు గాలిని అడ్డుకునే థ్రాటిల్ పలక ఉండదు కాబట్టి వాక్యూమ్ పుట్టదు, విడిగా పంపు కావాలి. 700–ఆర్4లో ఈ పని ఒక కేబుల్ చేస్తుంది. దాన్ని యాక్సిలరేటర్‌తో సరైన కొలతకు కట్టకపోతే లోపల ఆయిల్ ఒత్తిడి చాలదు, క్లచ్ పలకలు కాలిపోతాయి.

అపోహ: ఆటోమేటిక్ బురదకు, గుట్టకు పనికిరాదు.

వాస్తవం: సరైన ఇంజన్ వెనక ఉంటే నిజానికి బాగా పనికొస్తుంది. టార్క్ కన్వర్టర్ బండి కదిలే క్షణంలో ఇంజన్ బలాన్ని సుమారు రెండు రెట్లు చేసి, కుదుపు లేకుండా చక్రానికి అందిస్తుంది. ఇసుకలో, రాళ్లలో చక్రం ఒక్కసారిగా గిర్రున తిరిగి దిగబడకుండా ఇది కాపాడుతుంది. క్లచ్ అరిగే బాధ లేదు.

నల్లరేగడి మాత్రం వేరే కథ. తొలి వాన పడ్డాక ఆ మట్టి టైరు గాడుల్లో గట్టిగా నిండిపోతుంది. రెండు చుట్లకే టైరు నున్నటి రోలర్‌లా మారుతుంది. అప్పుడు గేర్‌బాక్స్ ఏదైనా, నాలుగు చక్రాలూ తిరుగుతున్నా, బండి ఉన్నచోటే దున్నుతుంది. టైరు గాడుల లోతును, గాలిని చూసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ఇంకో హెచ్చరిక: పెద్ద పెట్రోల్ ఇంజన్ల కోసం చేసిన బరువైన ఆటోమేటిక్‌ను చిన్న డీజిల్ ఇంజన్ వెనక పెడితే లోపలి ఆయిల్ పంపు తిప్పడానికే బలంలో కొంత పోతుంది. పాత డీజిల్ జీపుకు అయిదు గేర్ల మాన్యువల్ పెట్టె మేలనడానికి ఇదే ముఖ్య కారణం.

అపోహ: ఆటోమేటిక్ ఆయిల్ ఒకసారి పోస్తే మళ్లీ చూడనక్కర్లేదు.

వాస్తవం: ఆటోమేటిక్‌కు మొదటి శత్రువు వేడి. కన్వర్టర్ జారుతున్నంతసేపూ ఆ జారుడంతా వేడిగా మారి ఆయిల్‌లోకి పోతుంది. మే నెలలో కడప జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ట్రైలర్ తగిలించుకుని ఎత్తు ఎక్కే జీపుకు రేడియేటర్ ముందు విడిగా ఆయిల్ కూలర్ తప్పనిసరి. పై గేరులో కన్వర్టర్ జారకుండా బిగబట్టే లాకప్ క్లచ్‌కు కరెంటు వైరు సరిగా కట్టకపోతే ఓవర్‌డ్రైవ్‌లోనే గేర్‌బాక్స్ కాగిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ ఎర్రగా ఉండాలి. గోధుమరంగుకు మారి మాడు వాసన వస్తే క్లచ్ పలకలు కాలుతున్నట్టు.

అపోహ: బ్యాటరీ పోతే తోసి స్టార్ట్ చేయొచ్చు, పార్కులో పెడితే బండి కదలదు.

వాస్తవం: రెండూ ప్రమాదకరమైన నమ్మకాలే. ఆటోమేటిక్‌లో గేర్లు పట్టుకోవడానికి ఆయిల్ ఒత్తిడి కావాలి, ఆ ఒత్తిడి ఇంజన్ తిరిగితేనే పుడుతుంది. పదిమంది తోసినా బండి స్టార్ట్ కాదు. తోటలో ఒంటరిగా ఆగిపోయే బండికి మంచి బ్యాటరీ, మంచి సెల్ఫ్ ఉండి తీరాలి.

ఇక పార్క్ గేరు గేర్‌బాక్స్ షాఫ్టును మాత్రమే పట్టి ఉంచుతుంది. దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే చక్రాలకూ గేర్‌బాక్స్‌కూ సంబంధమే ఉండదు. పార్కులో ఉన్న జీపు కూడా వాలులో దొర్లిపోతుంది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టాల్సిందే. వేరే బండికి కట్టి లాక్కెళ్లేటప్పుడు మాత్రం ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లోనే ఉండాలి, లేకపోతే ఆయిల్ అందక గేర్‌బాక్స్ లోపల కాలిపోతుంది.

అపోహ: ఓవర్‌డ్రైవ్ వచ్చింది కాబట్టి ఫోర్ వీల్ వేసుకుని తారురోడ్డు మీద పోవచ్చు.

వాస్తవం: డానా–18లో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలోనైతే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో బిగుసుకుంటుంది. గేర్‌బాక్స్ మారినా ఈ సంగతి మారదు.

అపోహ: గేర్‌బాక్స్ మారిస్తే స్పీడు మీటరు తప్పు చూపిస్తుంది.

వాస్తవం: పాత జీపులో మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు నుంచి తిరుగుతుంది. దానికి ముందు ఏ గేర్‌బాక్స్ ఉన్నా మీటరుకు తేడా లేదు. టైరు సైజు, క్రౌన్ పినియన్ మారిస్తేనే తేడా వస్తుంది.

అపోహ: ఆర్‌సీలో గేర్‌బాక్స్ పేరు ఉండదు కాబట్టి అనుమతి అక్కర్లేదు.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండి మూల స్వరూపాన్ని మార్చే పనులను కట్టడి చేస్తుంది. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న తీర్పు ఇచ్చింది. 2019 సవరణ తర్వాత అక్రమ మార్పు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. గేర్‌బాక్స్‌తోపాటు ఛాసిస్ అడ్డుకమ్మీలు కోయడం, ఇంజన్ మార్చడం కూడా జరుగుతుంటే ఇది మరీ ముఖ్యం. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత బీమా క్లెయిమ్ దగ్గర అడ్డం తిరగొచ్చు.

తారురోడ్డు మీద ఎక్కువగా తిరిగే పాత డీజిల్ జీపుకు ఓవర్‌డ్రైవ్ ఉన్న అయిదు గేర్ల మాన్యువల్ పెట్టె సరిపోతుంది. చేలల్లో, గుట్టల్లోనే తిరిగే బండికి అసలు గేర్‌బాక్సే మేలు. ఆటోమేటిక్ కావాలనుకునేవారు ఇంజన్ బలం, కూలర్, షాఫ్టు వాలు, బ్రేకులు కలిపి లెక్క వేసుకోవాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులున్న బండికి కొత్త వేగం వస్తే ముందు బాగుచేయాల్సింది బ్రేకులే. పాత గేర్‌బాక్స్ ఊడదీయకముందే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను కలిసి రాతపూర్వకంగా అనుమతి అడగాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి. తీసిన గేర్‌బాక్స్‌ను మాత్రం పాత ఇనుము వాళ్లకు అమ్మేయకూడదు. అనుమతి రాకపోయినా, కొత్తది కుదరకపోయినా మళ్లీ బిగించుకోవడానికి అదే ఆధారం.