జరగని పోటీల్లో గెలుపెవరిది?

రాకీ మార్సియానో, ముహమ్మద్ అలీ మంచి వయసులో తలపడి ఉంటే ఎవరు గెలిచేవారు? జాక్ డెంప్సీ దెబ్బకు మైక్ టైసన్ నిలిచేవాడా? ఇలాంటి ప్రశ్నల మీద బాక్సింగ్ అభిమానులు తరతరాలుగా వాదులాడుకుంటూనే ఉన్నారు. ఈ వాదంలో నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయి ఉంటాయి. ఇద్దరినీ ఒకే రింగ్‌లోకి దింపితే ఎవరు ఎవరిని పడగొడతారన్నది ఒకటి. తన కాలంలో, తన ఎదుటకు వచ్చినవాళ్ల మీద ఎవరు ఎక్కువ సాధించారన్నది మరొకటి. మొదటిదానికి ఊహే ఆధారం. రెండోదానికి సాక్ష్యాలున్నాయి, అయితే వాటిని చదివే తీరు తెలియాలి. ఒకరు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంటే ఎదుటివారు రెండోదానికి చెబుతుంటారు కనుకనే ఈ వాదాలు చాలావరకు తెగవు.

మొదటి ప్రశ్నను కంప్యూటర్‌తో తేల్చేద్దామని 1967లో ముర్రే వొరోనర్ అనే అమెరికన్ నిర్మాత పూనుకున్నాడు. వేర్వేరు కాలాలకు చెందిన 16 మంది హెవీవెయిట్ల వివరాలను ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌కు అందించి, అది చెప్పిన ఫలితాలను రేడియోలో ప్రత్యక్ష వ్యాఖ్యానంలా వినిపించాడు. ఫైనల్లో డెంప్సీపై మార్సియానో గెలిచాడు. అలీ మాత్రం క్వార్టర్ ఫైనల్లోనే, 1905లో టైటిల్ వదిలి రిటైరైన జిమ్ జెఫ్రీస్ చేతిలో ‘ఓడిపోయాడు’. సైన్యంలో చేరనన్నందుకు అప్పటికే టైటిల్ పోగొట్టుకుని, రింగ్‌లోకి దిగే అనుమతి కూడా లేక ఉన్న అలీ పరువు నష్టం దావా వేశాడు. అది రాజీకి వచ్చి ఒక సినిమాకు దారితీసింది. 1969లో మయామీలో అలీ, మార్సియానో కెమెరాల ముందు నిమిషం నిమిషం చొప్పున పదుల కొద్దీ రౌండ్లు నటించారు. అప్పటికి పదమూడేళ్లుగా రింగ్‌కు దూరంగా ఉన్న మార్సియానో దాదాపు 20 కిలోలు తగ్గి, విగ్గు పెట్టుకుని వచ్చాడు. రకరకాల ముగింపులు తీశారు. ఏది చూపిస్తారో ఆ ఇద్దరికీ చెప్పలేదు. 1970 జనవరి 20న థియేటర్లలో ప్రదర్శించిన చిత్రంలో 13వ రౌండ్లో మార్సియానో నాకౌట్‌తో గెలిచాడు. ఆ ఫలితం ఆయన చూడలేదు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో మరణించాడు. జాతి వివక్షకు పేరుమోసిన అలబామాలో ఆ కంప్యూటర్‌ను తయారుచేసి ఉంటారని అలీ ఎద్దేవా చేశాడు. ఎత్తిపొడుపే అయినా అసలు లోపం అందులోనే ఉంది. ఎవరి దెబ్బకు ఎంత బలం, ఎవరి ఓర్పుకు ఎంత విలువ అన్న అంకెలు మనుషుల అభిప్రాయాల నుంచే వచ్చాయి. కంప్యూటర్ చేసింది వాటిని కూడి, తీసివేయడం మాత్రమే.

ఊహాపోటీలకు ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఒకే కాలంలో, ఒకరితో ఒకరు నిజంగా తలపడినవాళ్ల మధ్య కూడా లెక్క కుదరదు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ 15 రౌండ్ల పోరులో అలీని ఓడించాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో అదే ఫ్రేజియర్‌ను జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అదే ఏడాది మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. ఆ నార్టన్‌ను కూడా ఫోర్‌మన్ 1974లో రెండు రౌండ్లలోనే ముగించాడు. ఈ వరుస చూసినవారెవరైనా అలీ ఫోర్‌మన్ ముందు నిలవలేడనే అనుకోవాలి. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండ్లో ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు.

ఇందులో వింతేమీ లేదు. ఫ్రేజియర్ వంగి వంగి ముందుకు తోసుకొస్తాడు. ఫోర్‌మన్ కింది నుంచి పైకి విసిరే దెబ్బలకు అలా వచ్చేవాడు తేలిగ్గా దొరుకుతాడు. అలీ వెనక్కి వాలి, తాళ్లకు ఆనుకుని, ఫోర్‌మన్ చేతులు అలిసేదాకా కాచుకున్నాడు. బాక్సింగ్‌లో ఒకడి శైలి మరొకడి శైలికి విరుగుడు కావచ్చు, మూడోవాడి ముందు పనికిరాకపోవచ్చు. కాబట్టి ఫలానావాడిని వీడు ఓడించాడు, ఆ ఫలానావాడు మరొకణ్ని ఓడించాడు అన్న గొలుసును ఒక కాలం నుంచి మరో కాలానికి సాగదీయడం సరికాదు.

ఇక సాక్ష్యాల సంగతి. అందరూ ముందుగా చూపేది గెలుపోటముల పట్టిక. క్రికెట్‌లో బ్రాడ్‌మన్‌ను, సచిన్‌ను పోల్చేవారి చేతిలో కనీసం సగటు అనే కొలత ఉంది. బాక్సింగ్‌లో అదీ లేదు. మార్సియానో 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 1956లో రిటైరయ్యాడు. ల్యారీ హోమ్స్ 48 గెలుపుల తర్వాత 1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడి ఆ అంకెకు ఒక్క అడుగు దూరంలో ఆగిపోయాడు. ఫ్లాయిడ్ మేవెదర్ 2017లో 50–0కు చేరాడు. ఆ యాభయ్యో ప్రత్యర్థి కానర్ మెక్‌గ్రెగర్ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నుంచి వచ్చినవాడు; అంతకుముందు ఒక్క ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీలో కూడా దిగలేదు. మార్సియానో గొప్ప విజయాలనూ అభిమానులు ఇలాగే తరచి చూస్తారు. ఆయన ఓడించిననాటికి జో లూయిస్ వయసు 37, జెర్సీ జో వాల్కాట్ వయసు 38. సున్నా ఓటములన్న మాట వినడానికి ఎంత ఘనంగా ఉన్నా, ఎవరి మీద, ఏ దశలో అన్నది చూడకుండా దానికి విలువ కట్టలేం.

దీనికి ఎదురు ఉదాహరణ షుగర్ రే రాబిన్సన్. పట్టికలో ఆయనకు 19 ఓటములున్నాయి. కానీ వాటిలో నాలుగు మినహా అన్నీ 35 ఏళ్లు దాటాక వచ్చినవే. 1943 ఫిబ్రవరిలో జేక్ లమోటా చేతిలో తొలిసారి ఓడాక, 1951 జులైలో లండన్‌లో ర్యాండీ టర్పిన్ చేతిలో ఓడేదాకా ఎనిమిదేళ్లకు పైగా ఆయనకు ఓటమి లేదు. ఆ నడిమి కాలంలో ఆడిన పోటీలు తొంభైకి పైనే. ఏడాదికి ఒకటో రెండో పోటీలతో సరిపెట్టే నేటి ఛాంపియన్లతో ఆ వరుసను పోల్చాలంటే మనసు ఒప్పుకోదు. ‘పౌండ్ ఫర్ పౌండ్’ అన్న మాట, అంటే బరువు తేడాలను పక్కనపెట్టి నైపుణ్యాన్నే తూచడం, రాబిన్సన్ పేరుతోనే జనంలో స్థిరపడింది.

అయితే వెల్టర్‌వెయిట్‌గా ఆయన శిఖరాన ఉన్న ఏళ్లకు ఫిల్మ్ దాదాపు లేదు. మనం చూసేది చాలావరకు తర్వాతి మిడిల్‌వెయిట్ కాలం. హ్యారీ గ్రెబ్ విషయం మరీ విడ్డూరం. సుమారు 300 పోటీలు ఆడి, 1922లో తనకంటే భారీకాయుడైన జీన్ టన్నీని ఓడించిన మిడిల్‌వెయిట్ ఆయన. టన్నీ ప్రొఫెషనల్ జీవితంలో అదొక్కటే ఓటమి. ఆ గ్రెబ్ ఆడిన ఒక్క పోటీ ఫిల్మూ మిగల్లేదు. సాధన చేస్తున్న చిన్న ముక్క మాత్రం ఉంది. పైగా ఆ రోజుల్లో చాలా అమెరికన్ రాష్ట్రాల్లో జడ్జీల తీర్పును చట్టమే నిషేధించింది. నాకౌట్ లేకపోతే అధికారిక ఫలితం లేనట్టే. రింగ్ పక్కన కూర్చున్న విలేకరులు మర్నాడు పత్రికలో ఎవరు మెరుగో రాస్తే అదే తీర్పు, పందేలు కట్టినవారికీ అదే ప్రమాణం. గ్రెబ్ పట్టికలో ఇలాంటివి కుప్పలుగా ఉన్నాయి.

ఉన్న పాత ఫిల్మ్‌నూ జాగ్రత్తగా చూడాలి. మూకీల కాలంలో సెకనుకు తక్కువ ఫ్రేములు తీసేవారు. వాటిని తర్వాతి యంత్రాల మీద వేగంగా తిప్పితే ఎంతటి యోధుడైనా గెంతుతూ నవ్వు పుట్టిస్తాడు. కెమెరా ఎక్కడో దూరాన కదలకుండా ఉంటుంది. పాతవాళ్లకు ఆట రాదని తేల్చేసేవారిలో చాలామంది తీర్పు చెబుతున్నది బాక్సర్ మీద కాదు, ప్రొజెక్టర్ మీద.

నియమాలు మారితే ఫలితాలే తారుమారవుతాయి. గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్, నిమిషం విరామం 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలతో వచ్చాయి. అయినా 1889లో జాన్ ఎల్. సలివన్, జేక్ కిల్‌రైన్ ఉత్తి పిడికిళ్లతో 75 రౌండ్లు కొట్టుకున్నారు. 1915లో హవానాలో జెస్ విలార్డ్ చేతిలో జాక్ జాన్సన్ పడిపోయింది 26వ రౌండ్లో. తర్వాత టైటిల్ పోటీకి 15 రౌండ్లు స్థిరపడ్డాయి. 1982 నవంబర్‌లో రే మాన్సినీతో పోరులో 14వ రౌండ్లో కుప్పకూలిన కొరియా బాక్సర్ కిమ్ డక్ కూ మరణించాక, ఆ దశకంలోనే అవి 12కు తగ్గాయి.

ఆ మూడు రౌండ్ల తేడా ఎంతో చూడండి. 1941 జూన్‌లో, లూయిస్ కంటే 11 కిలోలు తక్కువ బరువున్న బిల్లీ కాన్ 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు తీర్పరుల్లో ఇద్దరి లెక్కలో ముందున్నాడు, మూడోవారి లెక్కలో సమానం. 13వ రౌండ్లో నాకౌట్ అయ్యాడు. 1952లో వాల్కాట్ కూడా 12 రౌండ్ల దాకా పాయింట్లలో మార్సియానో కంటే ముందే ఉన్నాడు. 13వ రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బతో టైటిల్ చేతులు మారింది. నేటి నియమాలుంటే లూయిస్ 25 టైటిల్ రక్షణలూ, మార్సియానో 49–0 రెండూ ఉండేవి కావని వాదించేవారున్నారు. వాదం ముచ్చటగా ఉంటుంది కానీ నిలవదు. ఆట 12 రౌండ్లేనని తెలిస్తే లూయిస్ అంతసేపు కాచుకుని కూర్చునేవాడా?

బరువు తూచే పద్ధతీ మారింది. పూర్వం పోటీ రోజునే తూచేవారు. ఇప్పుడు ముందురోజు తూస్తారు కనుక, ఒళ్లు ఎండగట్టుకుని త్రాసెక్కినవాడు మర్నాటికి నీళ్లు, తిండితో చాలా కిలోలు కోలుకుంటాడు. కాగితం మీద ఒకే విభాగమైనా, 1940ల వెల్టర్‌వెయిట్‌కు ఇప్పటివాడు ఒళ్లు పెద్దవాడు.

హెవీవెయిట్లలో పై హద్దే లేదు కనుక అక్కడ శరీరాల తేడా కంటికి కనబడుతుంది. మార్సియానో 85 కిలోల మనిషి. నేడు క్రూయిజర్‌వెయిట్ విభాగంలోకి వస్తాడు. కొత్తవాళ్లు పరిమాణంతోనే పాతవాళ్లను నలిపేస్తారన్న వాదానికి ఇదే బలం. కానీ 1919లో దాదాపు 85 కిలోల డెంప్సీ, 111 కిలోల విలార్డ్‌ను తొలి రౌండ్లోనే ఏడుసార్లు పడగొట్టాడు. 2024 డిసెంబర్‌లో రియాద్‌లో 102 కిలోల ఒలెక్సాండర్ ఉసిక్, 127 కిలోల టైసన్ ఫ్యూరీని రెండోసారి ఓడించాడు. విలార్డ్ మొద్దు, ఫ్యూరీ నేర్పరి. ఈ రెండు విజయాలు సమానం కావు. అయినా కిలోలు మాత్రమే తీర్పు చెప్పవని రెండూ చూపుతాయి.

ఛాంపియన్ అన్న బిరుదు కూడా ఏ కాలంలోనూ ఒకే అర్థం ఇవ్వలేదు. 1915లో జాన్సన్ ఓడాక 1937లో లూయిస్ వచ్చేదాకా ఒక్క నల్లజాతి బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ కోసం పోరాడే అవకాశం ఇవ్వలేదు. హ్యారీ విల్స్ ఏళ్ల తరబడి సవాలు చేసినా డెంప్సీతో పోటీ జరగలేదు. శామ్ లాంగ్‌ఫోర్డ్‌తో 1906లో తలపడి గెలిచిన జాన్సన్, తాను ఛాంపియనయ్యాక ఆయనకు మరో అవకాశం ఇవ్వలేదు. 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లలో స్వర్ణాలు గెలిచిన క్యూబా హెవీవెయిట్ తియోఫిలో స్టీవెన్సన్ ప్రొఫెషనల్ రింగ్‌లో అడుగే పెట్టలేదు. ఆ దేశంలో అప్పట్లో ప్రొఫెషనల్ క్రీడలే నిషేధం. డెంప్సీ గొప్పతనాన్ని కొలిచేటప్పుడు విల్స్‌ను, 1970ల ఛాంపియన్లను కొలిచేటప్పుడు స్టీవెన్సన్‌ను మరచిపోతే లెక్క తప్పుతుంది. బెల్టుల సంఖ్యా అంతే. 1938లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ మూడు విభాగాల టైటిళ్లను ఏకకాలంలో చేతబట్టినప్పుడు ఉన్నవి ప్రధానంగా ఎనిమిది విభాగాలు. నేడు పదిహేడు ఉన్నాయి, ఒక్కోదానికి నాలుగు ప్రధాన సంస్థల బెల్టులు.

రెండు తరాలను కలిపే వంతెనల్లా కొందరు బాక్సర్లు దొరుకుతారు. ఆర్చీ మూర్ 1955లో మార్సియానోతో, 1962లో అలీతో పోరాడాడు. మార్సియానోను ఒకసారి పడగొట్టాడు కూడా. అలీ చేతిలో నాలుగో రౌండ్లోనే చిత్తయ్యాడు. కానీ రెండో పోటీనాటికి మూర్ వయసు యాభైకి దగ్గర పడుతోంది. ఫోర్‌మన్ 1994లో 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను నాకౌట్ చేసి టైటిల్ తిరిగి గెలిచినప్పుడు 1970ల అభిమానులు పండగ చేసుకున్నారు. వాళ్ల వాదానికి దొరికిన బలమైన ఆధారం అదే. ఈ వంతెనల మీద రెండువైపుల నుంచీ జారిపడే ప్రమాదముంది. 2019 డిసెంబర్‌లో ఢిల్లీలో జరిగిన ట్రయల్స్‌లో 37 ఏళ్ల మేరీకోమ్, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను 9–1తో ఓడించింది. ఆ నిఖతే 2022, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఎదిగే దశలో ఉన్నవారి ఓటమి కూడా, వయసు మళ్లినవారి ఓటమిలాగే తరాల మీద తీర్పు కాదు.

చివరకు అన్నీ జాబితాల దగ్గరకే వస్తాయి. 1922లో ‘ది రింగ్’ పత్రికను స్థాపించిన న్యాట్ ఫ్లీషర్, 1958లో ప్రకటించిన హెవీవెయిట్ల జాబితాలో తన కుర్రతనంలో చూసిన జాన్సన్‌ను మొదట నిలిపాడు. లూయిస్‌కు ఆరో స్థానం, మార్సియానోకు పదో స్థానం ఇచ్చాడు. 1972లో చనిపోయేదాకా అలీకి ఆయన మొదటి పదిలో చోటివ్వలేదు. అదే పత్రిక 1998లో వేసిన హెవీవెయిట్ల జాబితాలో మొదటివాడు అలీ, రెండోవాడు లూయిస్. నలభై ఏళ్లలో మారింది పాత పోటీల ఫలితాలు కావు, జాబితా రాసేవాళ్ల తరం. అలీ, లూయిస్‌ల మధ్య పోరు మాత్రం నేటికీ సమంగానే సాగుతోంది. లూయిస్ పక్షంవారు దాదాపు పన్నెండేళ్ల పాటు ఏకబిగిన నిలుపుకున్న టైటిల్‌ను, 25 రక్షణలను చూపుతారు; అందులో అనామకులెందరో కూడా ఉన్నారన్న మాట వాళ్లు వినిపించుకోరు. అలీ పక్షంవారు ఆయన ఓడించిన లిస్టన్, ఫ్రేజియర్, ఫోర్‌మన్ పేర్లు చదువుతారు. నార్టన్‌తో మూడు పోటీల్లో ఒకటి ఓడి, మిగతా రెండూ స్వల్ప తేడాతో బయటపడ్డ సంగతి అవతలివాళ్లు గుర్తుచేస్తారు.