తపాలా బంట్రోతు - వడి

చలనచిత్రమనగా పేరుమోసిన నటులును లక్షల వెచ్చమును ఉండి తీరవలెనని పలువురు తలతురు. ఒక పల్లెటూరి తపాలా బంట్రోతును, ఒక బైసికిలును ఆధారముగా జేసికొని లోకమును నవ్వించిన చిత్రమును గూర్చి నేడు మనవి చేసెదను.

1946లో ఫ్రాన్సు దేశమున జాక్ తాతి యను హాస్యనటుడు కొద్దిపాటి వ్యయముతో ఒక పొట్టిచిత్రము తీసెను. 'తపాలా బంట్రోతుల బడి' యని దాని పేరున కర్థము. నిడివి పావుగంటకు కొంచె మెక్కువ. కథ యింతే: ఉత్తరముల సంచి విమానమున కందవలెను; కావున అధికారి ముగ్గురు బంట్రోతులకు వడి నేర్పును. కదలని బైసికిళ్లపై గూర్చుండబెట్టి, ఏ చేయి యెప్పుడు చాపవలెనో సాధన చేయించును. గదిలో నేర్చిన యా వడి వీథిలోనికి వచ్చుసరికి వెఱ్ఱి యగును. హాస్యమంతయు నందే యున్నది.

ఆ బంట్రోతునే నాయకునిగా జేసి తాతి 1947లో సేంత్-సెవేర్ అను గ్రామమున 'పండుగనాడు' అను పెద్దచిత్రము తీసెను. అది 1949లో వెలువడెను. ఆ యూరివారును అందు నటించిరి. అమెరికా తపాలావారి వేగమును తెరపై జూచి, తానును అట్లే చేయబూనిన బంట్రోతు, పోవుచున్న లారీ వెనుకపలకనే బల్లగా జేసికొని, బైసికిలు దిగకయే జాబులకు ముద్రలు వేయును. తుదకు ఆ వడిలోనే ఏటిలో బడును. పిదప సంచిని ఒక బాలుని కప్పగించి, తాను పొలములో గడ్డిపని చేయువారితో గలియును.

దీనితో మన కేమి పని యందురా? వడి మనకును వచ్చినది. 1986లో స్పీడుపోస్టు పుట్టెను. 2025లో రిజిస్టర్డు పోస్టును అందే కలిపిరి. కుశలవార్తలు నేడు ఫోనులోనే తెలియును గాని, కోర్టు నోటీసును, బ్యాంకు కాగితమును, ఉద్యోగపు పిలుపును ఆలస్యమైనచో నష్టమే. కావున వడి చెడ్డదని నేననను.

అయినను ఒక్కటి గమనింపుడు. 1972లో ఏర్పడిన పిన్ను పద్ధతి ననుసరించి 533214 అను సంఖ్య జాబును అంబాజీపేట తపాలాకచ్చేరికి జేర్చును. అచ్చటనుండి కొబ్బరితోటల నడుమ, కాలువగట్టున నున్న గుమ్మము కనుగొనవలసినవాడు మనుష్యుడే. ఒకే యింటిపేరును ఒకే పేరును గలవా రిద్దరున్నచో, ఎవరి తండ్రి యెవరో అతడెఱుగును. నోటీసు వేఱొక గుమ్మమున బడినచో వాయిదా తప్పును, వ్యాజ్యము చెడును. ఎంత వేగముగా వచ్చిన నేమి ఫలము?

బడిపంతులుగా నున్న నాళ్లలో నేను చదువురాని వారి కెందఱికో జాబులు చదివి పెట్టితిని. కాగితము చేతి కందుట సగము పని. అందలి సంగతి తెలియుట తక్కిన సగము. నిమిషములు లెక్కించువా డీ రెండవ సగమును దాటిపోవును.

కావున మీ బిడ్డలను చిరునామాలో తండ్రిపేరు, పేట, పిన్ను సంఖ్య స్పష్టముగా వ్రాయుమనుడు. తపాలా మనిషి గుమ్మమునకు వచ్చినప్పుడు ఇంత మజ్జిగ యిచ్చి, కాగితము తెలియనిచో అతనినే యడుగుడు.