మంచు సరదా... పర్సు లెక్క!

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బౌరంపేటలోని ఓ ఇంట్లో ఫోను మోగిందనుకుందాం. వీడియో కాల్. కాలిఫోర్నియాలో అది శనివారం సాయంత్రం. టాహో సరస్సు దగ్గరి కొండల మీద రోజంతా జారి జారి అలసిపోయిన కొడుకు, ఎర్రబడిన ముక్కుతో తెర మీద నవ్వుతుంటాడు.

'బిడ్డా, దెబ్బలేం తాకలేదు గదా?'... అమ్మ ప్రశ్న.

'టికెట్‌కు ఎంత పెట్టినవ్‌రా?'... నాన్న ప్రశ్న.

స్నోబోర్డింగ్ గురించి ఎవరైనా అడగాల్సినవి నిజానికి ఈ రెండే! కొత్తగా నేర్చుకునేవాళ్లు పడేటప్పుడు చేతులు ఆనిస్తారు కాబట్టి మణికట్టు విరగడం ఎక్కువ. రక్షణ పట్టీలు, హెల్మెట్ వేసుకుంటే అమ్మ బెంగ కొంత తీరుతుంది. నాన్న ప్రశ్నకే అంత సులువుగా జవాబు దొరకదు. ఎందుకంటే అది టికెట్ ధర గురించి మాత్రమే కాదు. 'ఈ డబ్బుతో ఇంకేం చెయ్యొచ్చు' అన్నది అందులో దాగున్న అసలు ప్రశ్న.

గండిమైసమ్మ కూడలికి దగ్గర్లో, ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న బౌరంపేటకు మంచు అంటే శీతాకాలపు పొగమంచే. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు. ఇప్పుడా దారుల్లో విల్లాలు, అపార్ట్‌మెంట్లు. ఎందరో హైదరాబాదీలు మొదటిసారి మంచును ముట్టుకున్నది 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర మొదలైన స్నో వరల్డ్‌లో. గంటసేపు వణికి, ఫొటో దిగి, బయటికొచ్చి వేడివేడి చాయ్ తాగితే సరదా తీరిపోయేది. అదే మంచు మీద పలకతో జారాలనుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది!

బొమ్మగా పుట్టింది...

విచిత్రమేంటంటే, ఈ ఆట డబ్బున్నవాళ్ల కోసం పుట్టలేదు. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే తండ్రి తన ఆడపిల్లలు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఒకే పలకలా చేసిచ్చాడు. దాని పేరే స్నర్ఫర్. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ ఇలాంటి పలకల తయారీనే వ్యాపారంగా మలిచాడు. 1998 నగానో ఒలింపిక్స్‌తో స్నోబోర్డింగ్ పతకాల ఆట అయింది.

ఆట ఎదిగింది, ఖర్చూ ఎదిగింది. పలక, బూట్లు, వాటిని బిగించే పట్టీలు, తడవని దుస్తులు, కళ్లద్దాలు, హెల్మెట్... ఇవన్నీ ఒక ఎత్తు. కొండ మీదికి చేర్చే లిఫ్టు టికెట్టు మరో ఎత్తు. అమెరికాలోని పెద్ద రిసార్టుల్లో రద్దీ రోజుల్లో ఒక్కరికి, ఒక్క రోజుకి ఈ టికెట్టే 300 డాలర్లు దాటుతోంది. బస, భోజనం, ప్రయాణం వేరే. అందుకే తరచూ వెళ్లేవాళ్లు సీజన్ పాసులు కొంటారు. 2008లో వెయిల్ సంస్థ ఎపిక్ పాస్‌ను 579 డాలర్లకు తెచ్చాక ఈ పద్ధతి బాగా పాకింది. ముందే కొనుక్కుంటే చవక. కానీ చలికాలమంతా ఇరవై రోజులు కొండెక్కే బ్రహ్మచారికి లాభమైన పాస్, రెండు రోజులతో సరిపెట్టుకునే సంసారికి నష్టం కావచ్చు!

ఒక్క మనిషి... మూడు లెక్కలు

మన వీడియో కాల్ అబ్బాయినే తీసుకుందాం. పాతికేళ్ల వయసు. కొత్త ఉద్యోగం. నలుగురు స్నేహితులు కలిసి ఒకే కారులో వెళ్తారు, ఒకే గదిలో సర్దుకుంటారు. చదువు కోసం చేసిన అప్పు ఇంకా ఉంది. అయినా పాస్ కొంటాడు. జీతం తక్కువే, కానీ శనివారాలన్నీ అతనివే.

ముప్పై అయిదు దాటాక జీతం పెరిగింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇంటి వాయిదా, డేకేర్ ఫీజు, బౌరంపేటలో నాన్న మోకాలి ఆపరేషన్. పలక గ్యారేజీలో గోడకి ఆనుకుని ఉంటుంది. డబ్బు లేక కాదు, వరసలో అది కిందికి జారింది.

నలభై ఎనిమిదేళ్లకు వాయిదాలు తీరొచ్చాయి. చేతిలో డబ్బుంది. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు! అందుకని కూతురికి శిక్షణ ఇప్పిస్తాడు, తను కింద కూర్చుని కాఫీ తాగుతూ చూస్తాడు. మనిషి ఒక్కడే, ఆటా అదే. ఖర్చు మాత్రం మూడుసార్లు మూడు రకాలు.

అంటే ఆదాయం చెప్పేది 'కొనగలవా' అన్నదొక్కటే. 'ఇప్పుడు కొంటావా' అన్నది చెప్పేది మన ఇంటి వరస.

తిండి తర్వాతే సరదా

జర్మన్ గణాంక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే ఓ సంగతి గమనించాడు. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికయ్యే వాటా తగ్గుతుందని. మన దేశంలోనూ అంతే. కేంద్ర ప్రభుత్వ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2011-12లో పట్టణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా 42.62 శాతం. 2023-24 నాటికి అది 39.68 శాతానికి దిగింది. పల్లెల్లో 52.9 నుంచి 47.04 శాతానికి వచ్చింది.

మిగిలిందంతా సరదాలకేనా అంటే కాదు. ఆహారేతర ఖర్చుల్లో ముందుండేది రాకపోకల ఖర్చే. ఆ తర్వాత అద్దె, వైద్యం, చదువు, బట్టలు... అన్నీ అయ్యాక చివర్లో నిలబడుతుంది సరదా. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెంటి మధ్యా మిగిలే సందులోనే మంచుకు చోటు!

చాలీచాలని చోట...

అయితే అంతా వరసతోనే సర్దుకుపోతుందనుకుంటే పొరపాటు. కశ్మీర్‌లోని గుల్మార్గ్ ప్రాంతానికి చెందిన స్కీయింగ్ క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్‌కు మంచు ఇంటి ముందే ఉంది. ప్రాధాన్యమూ అదే. అయినా 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ అర్హత పోటీలకు తగినంత డబ్బు సమకూరక ఆ అవకాశం చేజారింది. తర్వాత సాధన కోసం పెళ్లినే వాయిదా వేసుకుని, 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఏకైక క్రీడాకారుడయ్యాడు.

మన తెలంగాణలోనే మరో కథ. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. మంచుకొండ ఖర్చు ఆ ఇంటి లెక్కలోకి వచ్చేదే కాదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతుండగా భువనగిరి బండ మీద మొదలైన శిక్షణ, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఆమెను ఎవరెస్ట్ మీద నిలబెట్టింది. ఖర్చు ప్రభుత్వం భరించింది. కష్టపడే గుణం ఆ అమ్మాయిదే, కానీ దారి ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి కదా!

సరదా పడితే ఇలా...

మన పిల్లలు ఎప్పుడైనా మంచు మీద జారాలని మారాం చేస్తే ఒక్కసారిగా పలక కొనేయనక్కర్లేదు. అద్దెకు దొరుకుతాయి. మొదటి రెండు రోజులూ అద్దె సామానుతో శిక్షకుడి దగ్గర నేర్చుకుని, పిల్లాడికి నిజంగా నచ్చిందో లేదో చూసుకోవాలి. ఎదిగే పిల్లలకు బూట్లు ఏడాదికే చిన్నవైపోతాయి, కొనడం దండగ. పెద్దవాళ్లు కొనాలనుకుంటే సీజను చివర్లో ధరలు తగ్గుతాయి.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు శ్రీనగర్ దాకా విమానం, అక్కణ్నుంచి సుమారు 50 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణం చేస్తే గుల్మార్గ్. స్కీయింగ్‌తో మొదలుపెట్టాలనుకునేవాళ్లకి గుల్మార్గ్‌లో, మనాలీలో ప్రభుత్వ శిక్షణ సంస్థలున్నాయి. మనాలీ సంస్థలో ప్రాథమిక కోర్సుకే రెండు వారాలు పడుతుంది. అంటే పర్సుతోపాటు సెలవులూ లెక్క చూసుకోవాలన్నమాట. ఏ ప్రయాణానికైనా ముందు బీమా మాత్రం మరవొద్దు. విరిగిన మణికట్టు ఖర్చు లిఫ్టు టికెట్టును మించిపోతుంది.

అన్నిటికన్నా మంచి ఉపాయం... ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ఏడాది ఏది ముందు, ఏది తర్వాత అని ఓ కాగితం మీద రాసుకోవడం. రాశాక సరదా చివర్లో ఉన్నా ఫర్వాలేదు. కాగితం మీద చోటంటూ ఉంటే, నెలకు కొంత పక్కన పెట్టడానికి మనసొస్తుంది. లేకపోతే అప్పు చేసి పప్పుకూడే!

ఇంతకీ ఆ వీడియో కాల్‌లో నాన్నకు కొడుకేం చెప్పుండాలి? 'ఇంటి వాయిదా కట్టినంక మిగిలిన పైసలే నాన్నా' అంటే చాలు. ఆ మాటతో నాన్న ప్రశ్న తీరిపోతుంది. అమ్మ మాత్రం... వచ్చే ఆదివారం మళ్లీ అదే అడుగుతుంది!