మంత్రసాని చదువుకూ కానుక కావాలి

పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి మార్కు సువార్త 5వ అధ్యాయంలో చదువుతాం. ఆమె విశ్వాసం మీద మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. అన్నేళ్లూ ఆమె ఎవరి పక్కన కూర్చుందో, ఎవరింట భోంచేసిందో మాత్రం తక్కువగా ఆలోచిస్తాం. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అపవిత్రురాలు. ఆమె కూర్చున్న చోటు కూడా అపవిత్రమే.

ఇథియోపియా పల్లెల్లో దాదాపు అలాగే బతికే స్త్రీలు నేటికీ ఉన్నారు. వారి బాధ పేరు ఫిస్టులా. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లి కటి ఇరుకైనా కాన్పు ముందుకు సాగదు. వెంటనే ఆపరేషన్ చేసేవారుంటే ఇద్దరూ క్షేమంగా బయటపడతారు. ఆస్పత్రి అందనంత దూరమైతే నొప్పులు రెండు మూడు రోజులు సాగుతాయి. బిడ్డ తల ఒత్తిడికి లోపలి కండకు రక్తం అందక, మూత్రాశయానికీ జననమార్గానికీ మధ్య రంధ్రం పడుతుంది. బిడ్డ చాలావరకు చనిపోయే పుడుతుంది. తల్లికి ఇక మూత్రం ఆగదు. ఆ వాసనకు చాలామందిని భర్తలు వదిలేస్తారు, ఊరు దూరం పెడుతుంది. ఇది శాపం కాదు, వైద్యం అందకపోవడం. కాపరులు ఈ మాట ప్రసంగంలో సూటిగా చెప్పాలి. చనిపోయి పుట్టిన బిడ్డను తల్లి పాపానికి ముడిపెట్టే నోళ్లు మన మధ్య కూడా ఉన్నాయి.

1959లో కేథరిన్ హామ్లిన్, ఆమె భర్త రెజినాల్డ్ అనే క్రైస్తవ వైద్యులు ఆస్ట్రేలియా నుండి అడిస్ అబాబాకు వెళ్లారు. వారిని పిలిచింది మంత్రసానుల శిక్షణ కోసం, అదీ మూడేళ్ల ఒప్పందం మీద. అక్కడ ఈ స్త్రీలను చూశాక వారు తిరిగి వెళ్లలేదు. 1974లో ఫిస్టులా రోగుల కోసమే ఒక ఆస్పత్రి కట్టారు. చికిత్స ఉచితం. కోలుకుని ఇంటికి వెళ్లే ప్రతి స్త్రీకీ ఒక కొత్త దుస్తు ఇస్తారు. ఏళ్ల తరబడి తడి గుడ్డల్లో బతికిన మనిషికి అదెంత గొప్పో వేరే చెప్పనక్కరలేదు. రెజినాల్డ్ 1993లో ప్రభువునందు నిద్రించారు. కేథరిన్ 2020లో, 96వ ఏట, అడిస్ అబాబాలోనే కన్నుమూశారు.

తొలి రోజుల్లో వచ్చిన మమీతు గాషె అనే పల్లె పిల్లకు చదువు రాదు. ఎన్నో ఆపరేషన్లు జరిగాయి. ఆమె ఆస్పత్రిలోనే ఉండిపోయి, మొదట పడకలు సర్దింది, తర్వాత ఆపరేషన్ బల్ల దగ్గర సాయపడింది. రెజినాల్డ్ ఆమె చేతికి పరికరాలిచ్చి నేర్పారు. చివరికి ఆమే శస్త్రచికిత్స చేసి, డాక్టర్లకు కూడా ఆ పని నేర్పింది.

ఇంత చేసినా కొత్త రోగులు వస్తూనే ఉన్నారు. అందుకే 2007లో మంత్రసానుల కళాశాల తెరిచారు. పల్లెల నుండి అమ్మాయిలను తీసుకుని నాలుగేళ్లు చదివించి, మళ్లీ తమ ప్రాంతాలకే పంపుతారు. కాన్పు ఆగిపోతోందని వేళకు గుర్తుపట్టి వాహనం పిలిచే మనిషి ఊళ్లో ఉంటే ఫిస్టులాయే రాదు. అంటే మొదట ఏ పనికి పిలిస్తే వెళ్లారో, 48 ఏళ్ల తర్వాత మళ్లీ ఆ పనికే వచ్చారు.

ఇది మనకు పరాయి కథ కాదు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడి స్త్రీలకు వైద్యం చేశారు. 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. సముద్రాల అవతల సంఘాల స్త్రీలు కూడబెట్టి పంపిన డబ్బు ఆ పరిచర్యను నిలబెట్టింది.

ఆఫ్రికా తల్లుల కోసం ఇప్పుడు మన దగ్గరకూ విన్నపాలు వస్తున్నాయి. బక్కచిక్కిన బిడ్డ ఫొటో ఉంటే కానుకల పళ్లెం త్వరగా నిండుతుంది. ఒక అమ్మాయి నాలుగేళ్ల చదువుకు, ఆమె జీతానికి, మోటారుబండి పెట్రోలుకు అడిగితే చేయి వెనక్కి పోతుంది. కాబట్టి ఇచ్చే ముందు ఆ సంస్థను రెండు ప్రశ్నలు అడగమని సంఘ పెద్దలను కోరుతున్నాం: ఆ ఊరివాళ్లలో ఎంతమందికి ఈ పని నేర్పారు? మా డబ్బు ఆగిపోయిన రోజున ఆ ఊళ్లో కాన్పులు ఎవరు చేస్తారు?