మిథనాలు ఘటములో ఊట

ఇంధనమును మంటబెట్టక దానిలోని శక్తిని నేరుగ విద్యుత్తుగా మార్చు సాధనమును ఇంధనఘటమందురు. ఉదజని, ఆమ్లజనులతో ఇట్లు చేయవచ్చునని 1839లో విలియం గ్రోవ్ చూపెను. అయితే ఉదజనిని నిలువచేయుట, మోయుట కష్టము. మిథనాలు ద్రవము, సీసాలో పోసికొని పోవచ్చును. (విషము సుమండీ! త్రాగినవారి కన్నులు పోవును, ప్రాణమును పోవచ్చును.)

ఈ ఘటము నడుమ మిల్లీమీటరులో అయిదవవంతుకు మించని పలుచని పొర యుండును. ఒకప్రక్క నీరు కలిపిన మిథనాలు, రెండవప్రక్క గాలి. మిథనాలు అణువొకటి నీటియణువొకదానితో గూడి విడిపోయినపుడు బొగ్గుపులుసుగాలియు, ఆరు ప్రోటానులును, ఆరు ఎలెక్ట్రానులును వెలువడును. ప్రోటానులు పొరగుండ, ఎలెక్ట్రానులు తీగెగుండ గాలివైపు చేరును. ఆ తీగెలోని ప్రవాహమే మనకు గావలసినది.

చిక్కంతయు పొరలోనున్నది. అది తడిసియున్నగాని ప్రోటానులను పోనీయదు. నీటికి దారి యిచ్చినపుడు నీటిలో గలసిన మిథనాలును దూరిపోవును. అట్లు దూరినది గాలివైపున వృథాగా వ్యయమగుటయే గాక ఘటముయొక్క వోల్టేజిని గూడ దించును. లెక్కప్రకారము 1.2 వోల్టులు రావలసినచోట, పనిచేయుచుండగా అరవోల్టు దక్కుట గగనము. ధ్రువముపై మిథనాలు మెల్లగా విడిపోవుట దీనికి మరియొక కారణము.

ఇంత సన్నని పొరలోపల ఎచ్చట ఎంత మిథనాలున్నదో కొలిచి చూచుట దుస్సాధ్యము. అందుచే శాస్త్రజ్ఞులు సమీకరణముల నాశ్రయించిరి. ఊటకు రెండు మార్గములు. గాఢత హెచ్చుగనున్నచోటినుండి తక్కువగనున్న చోటికి వ్యాపించుట మొదటిది. దీని సూత్రమును 1855లోనే ఫిక్ చెప్పెను. పోవుచున్న ప్రతి ప్రోటాను తనవెంట రెండు మూడు నీటియణువులను, వానితో కొంత మిథనాలును ఈడ్చుకొనిపోవుట రెండవది.

అట్లయిన విద్యుత్తు హెచ్చినకొలది ఊటయు హెచ్చవలెను గదా! పలుచని ద్రవముతో నడుచు ఘటమున జరుగునది దీనికి విరుద్ధము. పై మడిలో నీరు నిండుగ నిలిచియున్నచో గట్టుగుండ క్రింది మడికి ఊట హెచ్చు. పైరు ఆ నీటిని త్రాగివేసినచో ఊటయు తగ్గును. ఇచ్చట పైరు వంటిది, పొర నంటి పూసిన ప్లాటినము, రుథేనియముల పొడి. విద్యుత్తు ఎక్కువ తీసినకొలది మిథనాలు పొరను జేరకముందే ఖర్చగును. ఈడ్చుటకు అచ్చట మిగులునది స్వల్పము. ఘటము ఊరకున్నపుడే నష్టమధికము.

కావుననే లీటరు ద్రవములో 32 మొదలు 64 గ్రాముల మిథనాలు మాత్రమే సాధారణముగ వాడుదురు. ఇంకను పలుచన చేసినచో భారము పెరిగినపుడు ధ్రువమునకు ఇంధనము చాలదు. పొరను మందము చేసినచో ప్రోటానుల కడ్డు. బొగ్గుపులుసుగాలి బుడగలు దారులను మూయుటను, గాలివైపున నీరు నిలుచుటను గూడ చేర్చినచో లెక్క మిక్కిలి జటిలమగును.

ఇంత నీటిని మోయుట తెలివిగాదు. గాఢమైన మిథనాలునే తీసికొనిపోయి, గాలివైపున పుట్టిన నీటిని మరల త్రిప్పి అందు కలుపు పద్ధతి గలదు. ఏ భారమునకు ఎంత కలుపవలెనో నిర్ణయించుటకు పై సమీకరణములే ఆధారము.